ఇంట్లో రేసింగ్ సిమ్యులేటర్: ఏ బడ్జెటుకు ఏది ముందు కొనాలి?

 

నేను హోసూరులో ఒక పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతున్నాను. మా ఊరి చుట్టూ వాహనాల కర్మాగారాలు ఉండటంతో ఇక్కడి పిల్లలకు బండ్లంటే చిన్ననాటి నుంచే మక్కువ. కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ 2005లో జోర్డాన్ జట్టు తరఫున ఫార్ములా వన్‌లో పోటీపడిన తొలి భారతీయుడైన సంగతి వారికి కంఠతా వచ్చు. "సార్, మావాడు ముప్పై వేలు పెట్టి స్టీరింగు కొనమంటున్నాడు, కొనవచ్చునా?" అని అడిగే తల్లిదండ్రులు ఈమధ్య ఎక్కువయ్యారు. ముప్పై వేలంటే చాలా ఇళ్లలో ఒక సెమిస్టరు ఖర్చు. కనుక అవునో కాదో చెప్పేముందు ఎలా లెక్క వేసుకోవాలో చెబుతాను.

ముఖ్యమైన సూత్రం ఒక్కటే. డబ్బు ముందుగా స్థిరమైన కుర్చీ, బల్లల మీద పెట్టాలి. తరువాత బ్రేకు. ఆ తరువాతే ఖరీదైన స్టీరింగు. పిల్లలు సాధారణంగా ఈ వరుసను తలకిందులుగా కోరతారు.

1. స్టీరింగు రకాలు

సిమ్యులేటర్ సాఫ్ట్‌వేర్ టైరు పట్టును, బండి బరువు ముందుకూ వెనక్కూ మారడాన్ని క్షణక్షణం లెక్కకడుతుంది. ఆ లెక్క ప్రకారం స్టీరింగులోని మోటారు మన చేతులకు ఎదురు బలం ఇస్తుంది. ఈ బలం చేతికి చేరే మార్గాలు మూడు. పళ్లచక్రాల ద్వారా వచ్చేది చవక, కాని కొంచెం గరగరలాడుతుంది. లాజిటెక్ జి29, జి920 ఈ రకానివే. బెల్టు ద్వారా వచ్చేది నున్నగా ఉంటుంది. మోటారు ఇరుసుకే చక్రం బిగించినది డైరెక్ట్ డ్రైవ్. బలం, స్పష్టత ఇందులో ఎక్కువ.

పెట్టె మీద "న్యూటన్ మీటర్లు" అని ఒక అంకె ఉంటుంది. ఇది మీరు చదువుకున్న టార్కే. 30 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రానికి వ్యాసార్థం 0.15 మీటరు. 5 న్యూటన్ మీటర్లను 0.15తో భాగిస్తే సుమారు 33 న్యూటన్లు. అంటే చక్రం అంచుకు దాదాపు 3.4 కిలోల బరువు వేలాడదీసినట్లు. పళ్లచక్రాల రకంలో ఇది సుమారు 2 న్యూటన్ మీటర్లే, అంటే కిలోన్నరకు లోపు. నేర్చుకునేవారికి ఇది చాలు.

2. బ్రేకు ఎందుకు ముఖ్యం?

చవక పెడళ్లు కాలు ఎంత దూరం కదిలిందో కొలుస్తాయి. లోడ్ సెల్ ఉన్న పెడల్ ఎంత బలంతో తొక్కామో కొలుస్తుంది. నిజమైన కారులో బ్రేకు పనితీరు మనం తొక్కే బలాన్ని బట్టే ఉంటుంది. పైగా కాలి కండరాలు దూరంకంటే బలాన్నే బాగా గుర్తుపెట్టుకుంటాయి. ప్రతి ల్యాపులో బ్రేకు ఒకేలా పడితే సమయాలు దగ్గరదగ్గరగా వస్తాయి. అందువల్ల అభ్యాసకునికి స్టీరింగు మార్పుకంటే బ్రేకు మార్పు ఎక్కువ మేలు చేస్తుంది.

3. మూడు బడ్జెట్లు

ఇంట్లో తగిన కంప్యూటరు ఉందనుకుని ఈ లెక్కలు చెబుతున్నాను. లేకపోతే ముందు దాని ఖర్చు చూసుకోవాలి. ధరలు మారుతుంటాయి కనుక కొనేముందు విచారించగలరు.

(అ) పది వేల లోపు: మామూలు గేమ్‌ప్యాడ్ చాలు. కీబోర్డు మీట నొక్కితే పూర్తి బ్రేకు, వదిలితే సున్నా. గేమ్‌ప్యాడ్ ట్రిగ్గరును సగమో పావో నొక్కవచ్చు. సాఫ్ట్‌వేర్‌గా 2014లో వచ్చిన అసెట్టో కోర్సా వంటివి ఒకసారి కొంటే సరిపోతుంది. ఐరేసింగ్‌కు చందా కట్టాలి, చాలా కార్లు, ట్రాకులు విడిగా కొనాలి. కనుక మొదట్లో వద్దు.

(ఆ) నలభై, యాభై వేలు: పళ్లచక్రాల స్టీరింగు, దానితో వచ్చే పెడళ్లు. మిగిలిన డబ్బుతో దగ్గరలోని వెల్డింగు షాపులో చదరపు ఇనుప గొట్టాలతో చట్రం చేయించండి. చక్రాల కుర్చీ మీద కూర్చుని బ్రేకు తొక్కితే కుర్చీ వెనక్కి జారుతుంది, బ్రేకు ఎంత పడిందో తెలియదు. జి29 ప్లేస్టేషన్‌కు, జి920 ఎక్స్‌బాక్స్‌కు పనిచేస్తాయి. కంప్యూటరుకు రెండూ పనికివస్తాయి. ఈ తేడా చూడకుండా కొనకండి.

(ఇ) లక్ష దాటితే: మోజా ఆర్5 (5.5 న్యూటన్ మీటర్లు), ఫానాటెక్ సి.ఎస్.ఎల్. డి.డి. (5 న్యూటన్ మీటర్లు) వంటి డైరెక్ట్ డ్రైవ్, లోడ్ సెల్ బ్రేకు, గట్టి చట్రం. ఈ బలానికి చదువుకునే బల్ల ఊగిపోతుంది. చట్రానికి డబ్బు మిగలకపోతే (ఆ) దగ్గరే ఆగడం మంచిది.

పాత సామాను కొనేటప్పుడు కంప్యూటరుకు తగిలించి విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ల పరీక్ష పేజీ తెరవండి. పెడల్‌ను మెల్లగా తొక్కుతుంటే గీత ఎగిరెగిరి పడితే లోపల అరుగుదలో దుమ్మో ఉన్నట్లు. స్టీరింగు ఒక కొస నుంచి మరో కొస వరకు తిప్పి, మధ్యలో వదులు ఉందేమో చూడండి.

4. పైసా ఖర్చులేని సవరణ

తెర మీద కనిపించే చూపు కోణాన్ని ఫీల్డ్ ఆఫ్ వ్యూ అంటారు. అది అవసరానికి మించి వెడల్పుగా ఉంటే మలుపు ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది, బ్రేకు వేయవలసిన చోటు తప్పుతుంది. దీన్ని పదో తరగతి త్రికోణమితితో కట్టవచ్చు. 27 అంగుళాల మానిటరు వెడల్పు సుమారు 60 సెంటీమీటర్లు. కన్ను 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, సగం వెడల్పు 30ని 60తో భాగిస్తే 0.5. టాన్ విలువ 0.5 అయ్యే కోణం 26.6 డిగ్రీలు. రెట్టింపు చేస్తే 53 డిగ్రీలు. ఇది అడ్డం కోణం. అసెట్టో కోర్సాలో నిలువు కోణం ఇవ్వాలి, అది ఇదే లెక్కన 31 డిగ్రీలు.

5. ఆశలు, హద్దులు

నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి 2008 నుంచి 2016 వరకు నడిపిన జి.టి. అకాడమీలో ఆటగాళ్లను ఎంచి నిజమైన రేసర్లను చేశారు. 2011 విజేత జాన్ మార్డెన్‌బరో 2013లో లె మాన్ 24 గంటల రేసులో కారు నడిపాడు. ఆ పోటీ ఇప్పుడు లేదు. కనుక పిల్లవాడు రేసరు అవుతాడన్న ఆశతో అప్పు చేసి కొనవద్దని నా మనవి. ఉపకారవేతనం చదువుకే.

అయినా ఇందులో విద్య ఉంది. 2019లో వచ్చిన అసెట్టో కోర్సా కాంపిటిజియోనే ప్రతి ల్యాపు వివరాలను మోటెక్ గ్రాఫులుగా చూసే వీలు కల్పిస్తుంది. వేగం, బ్రేకు గీతలను చదవడం వచ్చిన విద్యార్థి, రేపు ఇంజనీరింగ్ కళాశాలలో బాహా, సుప్రా పోటీలకు బండి తయారుచేసే జట్టులో ఉపయోగపడతాడు. ఆ చదువుకు (అ) బడ్జెటే చాలు.

మీరే చేసి చూడండి

1. మీ ఇంటి మానిటరు వెడల్పు, కంటికీ తెరకూ మధ్య దూరం కొలిచి చూపు కోణం కట్టండి. కుర్చీని 90 సెంటీమీటర్ల దూరానికి జరిపితే ఎంత అవుతుంది?

2. గేమ్‌ప్యాడ్‌తో ఒకే కారు, ఒకే ట్రాకు మీద ఇరవై ల్యాపులు తిప్పి సమయాలు నోటుబుక్కులో రాయండి. అత్యుత్తమ సమయాన్ని పక్కనపెట్టి, ఎక్కువ తక్కువల మధ్య తేడా చూడండి. మూడు నెలలు వారం వారం ఇలా రాస్తూ ఆ తేడా తగ్గించుకున్న పిల్లవాడు స్టీరింగు అడిగితే, తల్లిదండ్రులు ఆ పుస్తకం చూసి ఆలోచించవచ్చు. రెండు వారాలకే పుస్తకం మూలపడితే ముప్పై వేలు మిగిలినట్లే.

మొదటి ప్రశ్నకు జవాబు: సుమారు 37 డిగ్రీలు.