గాలికి రెండు దారులు

బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లగానే మనం బడికి దారి నేర్చుకుంటాం, అక్కడి భాషలో నాలుగు మాటలు నేర్చుకుంటాం. ఆ ఊరి గాలిని కూడా నేర్చుకోవాలని నాకు ఆగ్రా వచ్చాకే తెలిసింది.

మేము విశాఖపట్నం నుంచి ఏప్రిల్ నెలాఖరులో ఆగ్రా చేరాం. విశాఖలో ఉక్కపోత, పట్టిన చెమట ఆరదు. ఆగ్రా ఎండలో చెమట పట్టిన సంగతే తెలియదు, పెదవులు మాత్రం పగులుతాయి. నాన్నగారు ఇనుప కూలర్ కొని ముందు గది కిటికీ బయట బిగించారు. చల్లదనం పోకూడదని తలుపులు, మిగతా కిటికీలు అన్నీ మూసేశాం. అరగంట హాయిగా ఉంది. తరవాత దుప్పట్లు చెమ్మగిల్లాయి, ఒళ్లంతా జిడ్డు. "మోటారులో ఏదో లోపం ఉంది, తిరిగి ఇచ్చేద్దాం" అన్నారు నాన్నగారు.

ఎదురింటి ఆంటీ వచ్చి మోటారు వైపు చూడనైనా లేదు. వెనక కిటికీ తెరిచారు. "లోపలి గాలి బయటికి పోతేనే కదా బేటా, కొత్త గాలి వచ్చేది!" అన్నారు. పది నిమిషాల్లో గది తేలికపడింది.

కూలర్ ఎలా చల్లబరుస్తుంది?

కూలర్‌లో పంపు తొట్టిలోని నీటిని పైకి తోడి గడ్డి మీద పోస్తుంది. ఫ్యాను బయటి వేడి గాలిని ఆ తడి గడ్డి గుండా లాగుతుంది. కొంత నీరు ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలి నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలి చల్లబడుతుంది. 1 లీటరు నీరు ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ల వేడి ఖర్చవుతుంది. అదే నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 294 కిలోజౌళ్లు చాలు. అంటే ఆవిరి కావడానికి దాదాపు ఎనిమిది రెట్లు వేడి కావాలి. వేసవిలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లే పాత పద్ధతిలో ఉన్నదీ ఈ సూత్రమే.

అయితే గాలి కొంత తేమనే మోయగలదు. గది మూసి ఉంచితే లోపల తేమ పేరుకుంటుంది. లోపలి గాలికి పోయే చోటు లేక ఫ్యాను కూడా బయటి గాలిని సరిగా తేలేదు. అందుకే కూలర్‌కు రెండు దారులు కావాలి: ఒకటి రావడానికి, ఒకటి పోవడానికి.

లోపం ఎక్కడుందో కనిపెట్టడం

1. తెరిచిన కిటికీ దగ్గర ఒక దారప్పోగు పట్టుకోండి. అది బయటి వైపు ఎగిరితే గాలి పోతున్నట్టు. వేలాడుతూ ఉంటే దారి చాలడం లేదు. కిటికీ ఇంకొంచెం తెరవండి, అడ్డుగా ఉన్న పరదా, బీరువా జరపండి.
2. దారం బాగా ఎగురుతున్నా గాలి వెచ్చగా ఉంటే గడ్డి చూడండి. అక్కడక్కడ పొడిగా ఉంటే వేడి గాలి ఆ సందుల్లోంచే వచ్చేస్తుంది. నీరు కారే గొట్టం రంధ్రాలు పూడిపోయి ఉండవచ్చు.
3. గడ్డి తడిగా ఉన్నా గాలి తక్కువగా వస్తుంటే, ఉప్పునీటి వల్ల దాని మీద తెల్లటి పొర కట్టిందేమో చూడండి. అలాంటి గడ్డి మార్చాలి.

కూలర్‌ను మీరు తాకకండి. ముందు ప్లగ్గు తీసి, పెద్దవాళ్లే తెరవాలి. ఇనుప పెట్టె, నీరు, కరెంటు మూడూ ఒకచోట ఉన్నాయని మరవకూడదు.

జులైలో వానలు మొదలయ్యాక అదే కూలర్ మళ్లీ మొరాయించింది. ఈసారి లోపం కూలర్‌ది కాదు, కిటికీదీ కాదు. 40 డిగ్రీల వేడి, 20 శాతం తేమ ఉన్న గాలిని నీటితో సుమారు 23 డిగ్రీల వరకు చల్లబరచే వీలుంది. 34 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే 30 డిగ్రీల కిందికి దించలేం. విశాఖ ఇళ్లలో కూలర్ ఎందుకు అక్కరకు రాదో అప్పుడు అర్థమైంది. వానాకాలంలో మేము పంపు ఆపి ఫ్యాను మాత్రమే వేసుకున్నాం.

ఏసీ సంగతి వేరు. అది గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తుంది కాబట్టి తలుపులు మూయాలి. దాని జాలీలో దుమ్ము పట్టినా, బయటి పెట్టెకు ఎదురుగా సామాను పెట్టినా గాలి ఆడదు, చల్లదనం తగ్గుతుంది.

చలికాలం నేర్పిన పాఠం

జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది. తమ్ముడు వణుకుతున్నాడని అమ్మ బొగ్గుల కుంపటి గదిలోకి తెచ్చి తలుపులు బిగించింది. కాసేపటికి అమ్మకు తలనొప్పి, తమ్ముడికి వికారం. చలి వల్ల అనుకున్నాం. కొవ్వొత్తి ఇవ్వడానికి వచ్చిన ఎదురింటి అంకుల్ కుంపటి చూడగానే తలుపులన్నీ తెరిచి మమ్మల్ని బయటికి తెచ్చారు.

గాలి చాలని చోట బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రపోయే వాళ్లకు మెలకువ కూడా రాకపోవచ్చు. కిటికీ కొంచెం తెరిచి ఉంచితే చాలని నమ్మకూడదు; పడుకునే గదిలో కుంపటి పెట్టనే కూడదు. మూసిన స్నానాలగదిలో గ్యాస్ గీజరు కూడా ఇలాంటి ప్రమాదమే తెస్తుంది. ఎవరికైనా తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే ఆరుబయటికి తీసుకెళ్లి వైద్యం చేయించాలి.

ఇప్పుడు మా ఇంట్లో ఏ పరికరం కొన్నా నాన్నగారు నన్ను పిలిచి రెండే ప్రశ్నలు అడుగుతారు: "గాలి ఎటు నుంచి వస్తుంది? ఎటు పోతుంది?" మీరు ఈ సెలవుల్లో ఒక దారప్పోగు తీసుకుని మీ క్వార్టర్‌లో ప్రతి గదికీ ఈ రెండు ప్రశ్నలు వేయండి. జవాబులు పుస్తకంలో రాసుకోండి. వచ్చే బదిలీలో కొత్త ఇంటి జవాబులతో పోల్చి చూడవచ్చు.