తుపాకీకీ కత్తికీ మధ్య దూరం

చిరంజీవి మానసకు,

‘సిన్ అండ్ పనిష్‌మెంట్’ అనే పాత జపాన్ గేమ్‌ను ఇన్నేళ్ల తర్వాత కూడా మెచ్చుకునేవాళ్లు ఎందుకున్నారని అడిగావు. కాల్పులు, నెత్తురు, యానిమే బొమ్మలు తప్ప అందులో ఏముందన్నావు. గేమ్ డిజైన్ నేర్చుకునే పిల్ల అడగాల్సిన ప్రశ్నే. ఆ గేమ్‌లో హింస చాలా ఉంది, కాదనను. కానీ మనిషిని కుర్చీలోంచి లేవనివ్వనిది ఆ హింస కాదని నా వాదన. ప్రతి క్షణం ఒక నిర్ణయం తీసుకోమంటుంది, ఆ నిర్ణయం ఫలితాన్ని అప్పటికప్పుడే కళ్ల ముందు పెడుతుంది. పట్టు అక్కడుంది. హింస ఆ ఫలితాన్ని చూపించే పద్ధతి మాత్రమే.

చిన్ననాటి మమకారమే అసలు కారణమనేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ముందు ఆ సంగతి తేల్చేద్దాం. ట్రెజర్ అనే చిన్న సంస్థ నింటెండోతో కలిసి చేసిన ఈ గేమ్ 2000 నవంబరులో నింటెండో 64 మీద జపాన్‌లో మాత్రమే వచ్చింది. ప్లేస్టేషన్ 2 అప్పటికే ఆ ఏడాది మార్చిలో అక్కడ అమ్మకానికి వచ్చేసింది. అంటే ఇది వయసు మళ్లిన యంత్రం మీద ఆలస్యంగా వచ్చిన గేమ్. అమెరికా, యూరప్ జనానికి ఇది అధికారికంగా అందింది 2007లో, నింటెండో వీ అనే కన్సోల్ మీద డౌన్‌లోడ్ రూపంలో. జపాన్ బయట దీన్ని ఇష్టపడ్డవాళ్లలో చాలామందికి దీనితో ముడిపడిన బాల్యమే లేదు. లేని బాల్యం మీద మమకారం ఎలా పుడుతుంది?

ఇక అసలు విషయానికి వస్తాను. నింటెండో 64 కంట్రోలర్‌కు మూడు కొమ్మలుంటాయి. చాలా గేమ్‌లు మధ్య కొమ్మనూ కుడి కొమ్మనూ పట్టుకుని ఆడేవి. ఎడమ కొమ్మ ఊరికే పడి ఉండేది. ఎడమ చెయ్యి ఎడమ కొమ్మ మీద, కుడి చెయ్యి మధ్య కొమ్మ మీద పెడితే ఎలాంటి ఆట పుడుతుందన్న ఆలోచనలోంచే ఈ గేమ్ మొదలైంది. ఎడమ బొటనవేలు పాత్రను పక్కలకు నడిపిస్తుంది. కుడి బొటనవేలు స్టిక్‌తో గురి జరుపుతుంది. వెనకనున్న జెడ్ బటన్ తుపాకీ ట్రిగ్గర్. ముందుకు సాగే పని మాత్రం నీది కాదు, దారీ కెమెరా రెండూ గేమ్ చేతిలోనే ఉంటాయి. ఎక్కడికి వెళ్లాలన్న చింత అలా తీసేసి, ఎక్కడ నిలబడాలి, ఎటు గురిపెట్టాలి అన్న రెండు ప్రశ్నల్ని ఒకేసారి నీ మీద పడేస్తుంది.

ఆ జెడ్ బటన్‌లోనే ఒక చమత్కారం చేశారు. నొక్కి పట్టుకుంటే తుపాకీ పేలుతుంది. టక్కున నొక్కి వదిలితే కత్తి వేటు పడుతుంది. కత్తి దగ్గరికొచ్చిన శత్రువును నరకడమే కాదు, మీదికొచ్చే కొన్ని గుండ్లను కాల్చినవాడి మీదికే తిప్పికొడుతుంది. కాబట్టి ప్రమాదం దగ్గరయ్యేకొద్దీ నీకు దక్కే అవకాశం కూడా పెరుగుతుంది. దూరం నుంచి భద్రంగా కాల్చాలా, దగ్గరికి రానిచ్చి తిప్పికొట్టాలా? గురి విషయంలోనూ ఇదే బేరం. గేమ్ తనంతట తాను గురి పట్టుకునే పద్ధతి ఒకటుంది, కానీ దాని దెబ్బ బలహీనం. నువ్వే గురిపెడితే దెబ్బ గట్టిగా తగులుతుంది. వీటన్నిటి పైన గడియారంలో సమయం తగ్గుతూ ఉంటుంది. అష్టావధానంలో పృచ్ఛకులందరూ ఒకరి తర్వాత ఒకరు అడుగుతుంటే అవధాని అందరి తీగలూ చేతిలో పట్టుకుని ఉంటాడే, ఆ ఒత్తిడి లాంటిదే ఇది. తల తిరుగుతుంది, కానీ ఎక్కడ తప్పావో నీకు స్పష్టంగా తెలుస్తుంది. ఓడినప్పుడు గేమ్‌ను తిట్టాలనిపించదు, నీ చేతినే అనుమానిస్తావు. మళ్లీ ఆడించేది ఆ అనుమానమే.

యానిమే సంగతి చెప్తాను. అది కేవలం పైపూత అనుకుంటే పొరపాటు. 1963లో టీవీలో ‘టెట్సువాన్ ఆటమ్’ అనే యానిమే ధారావాహిక మొదలైనప్పటి నుంచీ జపాన్ యానిమేషన్ డబ్బూ సమయమూ చాలక పెరిగిన కళ. బొమ్మ కదలకపోతే కెమెరాను కదిపారు. ముఖం నిలిపేసి కళ్లతో చెప్పించారు. నింటెండో 64 గీసే మనుషులు కూడా అరకొర బొమ్మలే, అట్టముక్కలు అతికించినట్టుంటారు. వాళ్లను నిజం మనుషుల్లా చూపించబోతే నవ్వులపాలయ్యేవాళ్లు. ట్రెజర్ వాళ్లు ఆ పొదుపు విద్యనే అరువు తెచ్చుకుని, విపరీతమైన కోణాలు, చకచకా కోతలు, ఆకారం చూడగానే గుర్తుపట్టే పాత్రలతో పని నడిపించారు. వంద గుండ్ల మధ్య నువ్వు ఆడించే సాకీ అనే కుర్రాడు ఎక్కడున్నాడో కన్ను వెంటనే పట్టుకుంటుందంటే ఆ శైలి చలవే.

ఇదంతా పనితనమే అయితే నెత్తురెందుకు, గుండ్ల బదులు సబ్బుబుడగలు పెట్టొచ్చు కదా అని నువ్వు అడుగుతావు. పెట్టొచ్చు, మీటలన్నీ అలాగే పనిచేస్తాయి. కానీ కథ కూలిపోతుంది. ఆ కథలో ఆహార కొరత తీర్చడానికి మనుషులు పెంచిన జీవులు తిరగబడి రఫియన్లవుతాయి. మొదటినుంచీ నువ్వు వాటిని కాలుస్తూ వస్తావు. తర్వాత టోక్యోను నెత్తుటి వరద ముంచెత్తినప్పుడు సాకీయే రాక్షసాకారపు రఫియన్ అయిపోతాడు. అప్పటిదాకా గురిపెట్టిన రూపం నీ పాత్రకే వచ్చేసరికి, కాల్చడానికి ఒక ధర ఉందని తెలుస్తుంది. అలాగని గేమ్‌ను పూర్తిగా వెనకేసుకురాను. మధ్యలో చచ్చే మానవ సైనికుల గురించి అది క్షణమైనా ఆలోచించదు. కథలోని అచీ అనే అమ్మాయి అసలు ఏం కోరుతోందో ఒక్కసారి ఆడితే అర్థం కాదు. కథ చెప్పే తీరు చిక్కుపడ్డ దారమే.

ఇలాంటివి పిల్లల్ని చెడగొడతాయన్న మీ అమ్మ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో తన పాత తీర్మానాన్ని సవరిస్తూ, నిజజీవితపు హింసాకాండను వీడియో గేమ్‌లకు అంటగట్టడానికి తగిన శాస్త్రీయ ఆధారం లేదని చెప్పింది. అదే చోట అరవడం, తోసెయ్యడం లాంటి చిన్నపాటి దూకుడుతో కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని కూడా చెప్పింది. ఆమెతో మాట్లాడేటప్పుడు రెండు ముక్కలూ చెప్పు, నీకు అనుకూలమైనది ఒక్కటే ఏరుకోకు.

ఇక నీ పని. గేమ్ మొత్తం గంటకు అటూ ఇటూగా అయిపోతుంది. మొదటిసారి గురి గేమ్‌కే వదిలేసి ఆడు. రెండోసారి గురి నువ్వే పెట్టు. ప్రాణం పోయిన ప్రతిసారీ తప్పు నిలబడ్డ చోటులో ఉందా, గురిలో ఉందా, తుపాకీకి బదులు కత్తి తియ్యాల్సిన క్షణం దాటిపోయిందా అన్నది నోట్‌బుక్‌లో రాసుకో. అచీ ఇంకో భూమిగా మారి మన భూమి మీద దాడి చేసే ఆఖరి పోరులో మాత్రం లెక్కలు వేరేగా రాయాలి. అక్కడ నువ్వు కాపాడుకోవాల్సింది నిన్ను కాదు, నీ వెనకనున్న భూమిని. అంతకుముందు నేర్చుకున్న అలవాట్లలో ఏవి అక్కడ పనికొచ్చాయో, ఏవి ఎదురుతిరిగాయో గుర్తుపట్టి, ఆ పేజీలు నాకు పంపు.

మీ మామయ్య