ఇంజను ఆయిలు కక్కుతోందా? ముందు బ్రీదరు చూడండి

మిరపకు తడి ఇవ్వాల్సిన రోజున ఆయిల్ ఇంజను మొరాయిస్తే ఆ రైతు అవస్థ చెప్పనలవి కాదు. వెల్దుర్తి మండలంలో కరెంటు అందని చేలకు, వాగులోంచో కుంటలోంచో నీళ్లు తోడాలంటే గాలితో చల్లబడే చిన్న ఇంజన్లే దిక్కు. ఇంజను పక్కనుంచి ఆయిలు కారగానే ‘రింగులు పోయాయి, రీబోరు చేయించాలి’ అనేస్తారు. నిజమే కావచ్చు. అయితే ఆ ఖర్చుకు ఒప్పుకునే ముందు బ్రీదరు అనే చిన్న గొట్టాన్ని చూడండి. ఇంజనుకు అది ముక్కు లాంటిది.

రింగులు ఎంత కొత్తవైనా, మండిన గ్యాసు కొంత పిస్టను పక్కనుంచి కిందికి, ఆయిలుండే చాంబరులోకి జారుతుంది. అది బ్రీదరు గుండా బయటపడాలి. చాలా ఇంజన్లలో దీనికి పల్చటి రేకు వాల్వు ఉంటుంది. పిస్టను దిగినప్పుడు తెరుచుకుంటుంది, ఎక్కినప్పుడు మూసుకుంటుంది. పాత బుల్లెట్ మోటారు సైకిలుకు ఉండే రబ్బరు ముక్కు చేసే పనీ ఇదే. మడ్డి పట్టినా, ఇంజను మూలన పడి ఉన్న నెలల్లో కందిరీగలు గొట్టంలో మట్టిగూడు పెట్టినా దారి మూసుకుపోతుంది. లోపలి ఒత్తిడి ఆయిల్ సీలును, ప్యాకింగును తోసుకుని ఆయిలును బయటికి కక్కిస్తుంది. కొత్త సీలు వేసినా వారం తిరక్కుండా మళ్లీ కారడానికి కారణం ఇదే కావచ్చు.

బ్రీదరు గది అడుగున సన్నటి రంధ్రం ఉంటుంది. గ్యాసుతో వచ్చిన ఆయిలు తుంపర దాని గుండానే తిరిగి చాంబరులోకి దిగాలి. అది పూడితే ఆయిలు గొట్టం వెంట బయటికో, ఎయిర్ ఫిల్టరులోకో పోతుంది. బ్రీదరును డీజిలుతో కడిగేవారు కూడా ఈ రంధ్రాన్ని మరిచిపోతుంటారు. సన్నటి తీగతో పొడిచి చూడాలి.

కారిన ఆయిలుకు దుమ్ము అంటుకుని సిలిండరు రెక్కల మధ్య గట్టిపడితే గాలి ఆడదు. మన రెంటచింతల, మాచర్ల ఎండల సంగతి మీకు తెలియంది కాదు. ఇటు ఆయిలు తగ్గి, అటు వేడి పెరిగి ఇంజను పట్టేస్తుంది.

పరీక్ష సులభమే. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టండి. గొట్టం ఎయిర్ ఫిల్టరుకు కలిపి ఉంటే కాసేపు ఊడదీయండి. ‘పుస్ పుస్’మని కొద్దిగా గాలి తగలాలి. ఏమీ తగలక, సీలు దగ్గర ఆయిలు కారుతుంటే దారి మూసుకుందన్నమాట. శుభ్రం చేశాక కూడా దట్టంగా పొగ ఎగదన్నుతుంటే అప్పుడు రింగుల సంగతి ఆలోచించాలి.

ఆయిలు మోతాదు మించినా బ్రీదరు గుండా కక్కుతుంది. గట్టు మీద వాలుగా పెట్టిన ఇంజనులో గేజి కడ్డీ తప్పు లెక్క చూపిస్తుంది. చదునైన చోట పెట్టి కొలవండి, పై గీత దాటనివ్వకండి. పాత ఆయిలు దించేముందు ఇంజనును అయిదు నిమిషాలు తిప్పి ఆపాలి. వేడిగా ఉంటేనే మడ్డి కూడా కలిసి దిగుతుంది. చెయ్యి కాలకుండా చూసుకోండి. ఆయిలు పాల రంగులో ఉంటే నీరు చేరిందని గుర్తు, వెంటనే మార్చాలి. చాలా చిన్న పెట్రోలు ఇంజన్లకు కొత్తలో 20 గంటలకు, తర్వాత ప్రతి 100 గంటలకు ఆయిలు మార్చాలని కంపెనీలు చెబుతాయి. డీజిలు ఇంజనుకైతే దాని పుస్తకం చూడాలి. దించిన ఆయిలును కాలవలో పోయవద్దు.

పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోకు స్ప్రేయర్లకు ఈ ఆయిలు చాంబరూ ఉండదు, బ్రీదరూ ఉండదు. వాటి తంటాలు వేరు.