ఎంతొస్తుంది అని అప్పుడే అడగకండి!

పాత రూపాయి చేతికి రాగానే మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి? "ఎంతొస్తుంది?" అంతేనా!

ఆ ప్రశ్నలో తప్పు లేదు. కాకపోతే అది నాలుగో ప్రశ్న. దాన్నే మొదట అడిగేవాళ్లు త్వరగా మోసపోతారు. ముందు మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకోండి. ఈ అలవాటు నాణేల దగ్గర కుదిరితే ప్లాటు కొనేటప్పుడూ, ఉద్యోగం మారేటప్పుడూ మీకే పనికొస్తుంది. పుట్టుకతో ఎవరికీ రాదు. నేర్చుకుంటే అందరికీ వస్తుంది.

మొదటి ప్రశ్న: ఇలాంటివి ఇంకా ఎన్ని మిగిలాయి?

ఎంత పాతది అని కాదు, ఎన్ని మిగిలాయి అని. పట్టుకోండి ఈ తేడా!

1862 అని ఉన్న విక్టోరియా రూపాయి తీసుకోండి. నూట అరవై ఏళ్లు దాటింది. చూడగానే ఆశ పుడుతుంది. కానీ టంకశాలలు 1862 తర్వాత కూడా చాలా ఏళ్లు అదే సంవత్సరం వేసి రూపాయలు కొట్టాయి. అందుకే అవి ఇప్పటికీ బోలెడన్ని దొరుకుతాయి. అరిగిన మామూలు పీసుకు వెండి ధర మీద కాస్త ఎక్కువ వస్తే సంతోషించండి.

దాని పక్కన ఆరో జార్జి బొమ్మ ఉన్న 1939 రూపాయి పెట్టండి. వయసులో 77 ఏళ్లు చిన్నది. అయినా అసలు హీరో ఇదే. రూపాయిలో అప్పటిదాకా వెండి 91.7 శాతం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక, 1940లో దాన్ని 50 శాతానికి తగ్గించేశారు. 1939లో కొట్టినవాటిలో చాలావరకు కరిగిపోయాయి, జనం చేతికి వచ్చినవి అతి కొద్ది. ఫలితం? అసలైన 1939 రూపాయి వేలంలో లక్షలు పలుకుతుంది. 1940 రూపాయి మామూలు పీసు వెండి ధర దగ్గరే తిరుగుతుంది. ఒక్క ఏడాది తేడా!

ఇంకా వెనక్కి వెళ్దామా? పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. అయినా మామూలు రకం శాతవాహన నాణెం ధర 1939 రూపాయి దరిదాపులకు కూడా రాదు. వయసుకు గౌరవం ఇవ్వండి, ధర మాత్రం కట్టకండి.

రెండో ప్రశ్న: ఏ స్థితిలో ఉంది?

నాణెం మీది బొమ్మలో జుట్టు గీతలు కనిపిస్తున్నాయా? అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా? గ్రేడింగ్ సంస్థలు 1 నుంచి 70 వరకు మార్కులు వేస్తాయి. ఒకే ఏడాది, ఒకే టంకశాల నాణేలైనా అరిగినదానికీ, చేతులు మారనిదానికీ ధరలో ఎన్నో రెట్లు తేడా ఉంటుంది.

దయచేసి చింతపండుతో తోమకండి. పాలిష్ పౌడర్ వద్దు. తళతళలాడించి అమ్ముదామనే తొందరే నాణెం విలువను పోగొడుతుంది. అంచులు పట్టుకుని చూడండి, మళ్లీ పెట్టేయండి. చేయి ఊరుకోవడం కూడా ఒక క్రమశిక్షణే.

మూడో ప్రశ్న: ఎవరికి కావాలి?

చాలామంది వదిలేసేది ఇదే. నాకు బాగా ఇష్టమైనదీ ఇదే.

1911లో ఐదో జార్జి రూపాయి వచ్చింది. రాజుగారి దుస్తుల మీద చిన్న ఏనుగు బొమ్మ ఉంది. చెక్కడం సరిగ్గా కుదరకపోవడంతో అది జనం కళ్లకు పందిలా కనిపించింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు. సర్కారు ఆ రూపాయిని ఆపేసింది. సుమారు 94 లక్షల రూపాయలు కొడితే 7 లక్షలే బయటికి వచ్చాయి, మిగతావి కరిగించారు. 1912 రూపాయి మీద ఏనుగు ఏనుగులాగే కనిపిస్తుంది!

ఏడు లక్షలంటే మరీ అరుదేం కాదు. కానీ ఆ 'పిగ్ రూపాయి' కథ తెలిసిన ప్రతి కలెక్టర్‌కూ అది కావాలి. అందుకే ధర పెరిగింది. ఇంకోవైపు చూడండి. కొన్ని చిన్న సంస్థానాల రాగి నాణేలు నిజంగా కొద్దిగానే మిగిలాయి. వాటిని వెతికేవాళ్లూ కొద్దిమందే. ధర అక్కడే ఆగిపోతుంది. వేలం కేటలాగుల్లో అరుదైనవాటికి ఆర్, ఆర్ఆర్, ఆర్ఆర్ఆర్ అని వేస్తారు (అవును, నాకూ సినిమానే గుర్తొస్తుంది). అవి అరుదుతనాన్ని చెప్పే గుర్తులు. ధర గుర్తులు కావు.

ఇప్పుడు అడగండి: ఎంతొస్తుంది?

అమ్మేవాళ్లు చెప్పే రేటు చూడకండి. పాత వేలాల్లో నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడండి. అదీ మీ నాణెం స్థితికి దగ్గరగా ఉన్నదానితోనే పోల్చండి.

ఈ ఆదివారం ఇలా చేయండి:

- ఇంట్లో ఉన్న నాణేలన్నీ తీసి నోట్‌బుక్‌లో రాయండి: సంవత్సరం, లోహం, బరువు, స్థితి.
- వెండి రూపాయిని తూకం వేయండి. 11.66 గ్రాములు ఉండాలి. అరిగితే కాస్త తగ్గుతుంది. బాగా తేడా ఉంటే అనుమానించండి. 1939 అని కనిపిస్తే రెండింతలు అనుమానించండి, నకిలీలు ఎక్కువ.
- స్వతంత్ర భారత నాణేలైతే సంవత్సరం కింద గుర్తు చూడండి. నక్షత్రం ఉంటే హైదరాబాద్, వజ్రం ముంబై, చుక్క నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా.
- నూరేళ్లు దాటినవాటిని అమెరికాలో ఉన్న అబ్బాయికి కానుకగా పంపకండి. 1972 పురావస్తు చట్టం ఒప్పుకోదు.

ఇక వైష్ణోదేవి బొమ్మ ఉన్న నాణేనికి లక్షలు ఇస్తామనే వీడియోలు. దాన్ని మీ మూడు ప్రశ్నలూ అడిగి చూడండి, మొదటిదానికే తేలిపోతుంది. పాత నాణేల కొనుగోలు పేరుతో తన తరఫున ఫీజు, కమీషన్ వసూలు చేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే ప్రకటించింది. కాబట్టి "ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి సార్" అని ఎవరైనా అంటే ఆలోచించకండి, ఫోన్ పెట్టేయండి.