తెడ్డు ఆపండి, చూపు నిలపండి

సాహసం అనగానే మన కుర్రాళ్లకు దూరపు కొండలు గుర్తొస్తాయి. కానీ దానికి మన దగ్గరి నీళ్లే చాలు. జగిత్యాల జిల్లాకు ధర్మపురి దగ్గర గోదావరి ఉంది. సిరిసిల్ల వైపు మానేరు, దాని మీద మాన్వాడ వద్ద కట్టిన మిడ్ మానేరు, అంటే శ్రీ రాజరాజేశ్వర జలాశయం ఉన్నాయి. కోరుట్ల చుట్టూ చెరువులకు కొదవ లేదు. అనుమతి ఉన్న నీటిలో కయాక్ ఎక్కి నెమ్మదిగా సాగండి. ఏకాగ్రత నేర్పే గురువులు, అంటే నీటి పిట్టలు, అక్కడే ఎదురవుతాయి.

1. చప్పుడు తగ్గించండి

కయాక్‌కు ఇంజిన్ లేదు. నీటికి ఆనుకుని కూర్చుంటాం కాబట్టి పిట్ట ఎత్తులోనే మన కళ్లుంటాయి. అయినా తెడ్డు టపటపలాడించినా, ఫోన్‌లో పాట పెట్టినా కొంగ కూడా మిగలదు. తెడ్డు ఒళ్లో పెట్టుకుని పది నిమిషాలు ఊరికే తేలండి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి తుంగ చాటు నుంచి నీటికోళ్లు బయటికొస్తాయి. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో జకానా నడిచిపోతుంది. రోజంతా మరమగ్గాల మోతలో గడిపే సిరిసిల్ల నేతన్నకు ఈ నిశ్శబ్దం విలువ తెలుసు. రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి, ఒక్క పని మీదే కూర్చోవడం అలవాటు చేసుకోండి.

2. గురి కుదిరాకే దూకండి

నలుపు తెలుపుల లకుముకి పిట్ట నీటిపైన గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ ఆగుతుంది. రెక్కలే ఊగుతాయి, చూపు మాత్రం చేప మీదే. గురి కుదరకపోతే దూకదు, పక్కకు జరిగి మళ్లీ చూస్తుంది. దూకినా ప్రతిసారీ చేప దొరకదు, అయినా మళ్లీ పైకి లేస్తుంది. మనమూ అలాగే గురి చూసుకోవాలి. దుబాయి వీసా ఉందని ఎవరో చెప్పగానే అప్పు చేసి డబ్బు కట్టేయకండి. ఏజెంటుకు లైసెన్స్ ఉందా, కంపెనీ ఏది, జీతమెంత, ఒప్పందంలో ఏం రాశారు, అన్నీ చూసుకున్నాకే అడుగేయండి.

3. ఆరబెట్టుకోవడమూ పనే

నీటికాకి ఈకల్లోకి నీరు ఇంకుతుంది. అందువల్లే అది సులువుగా మునిగి చేపను తరమగలదు. వేట ముగిశాక మోడు మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. పాముమెడ పక్షి పద్ధతీ అదే. ఆ విరామం లేకపోతే తర్వాతి వేట సాగదు. రాత్రంతా మేలుకుని చదివితేనే ఉద్యోగం వస్తుందనుకునే పిల్లలు ఈ రెండింటినీ చూసి నేర్చుకోవాలి. నిద్రను టైంటేబుల్‌లో ముందే రాసిపెట్టుకోండి.

4. హద్దు గుర్తించండి

పసుపు ముక్కు, నల్లటి నెత్తి, చీలిన తోక ఉన్న రివర్ టర్న్ వేసవిలో నీరు తగ్గాక ఇసుక తిన్నెల మీద, లంకల్లో నేల మీదే గుడ్లు పెడుతుంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ముప్పున్న జాతిగా గుర్తించింది. మనం దగ్గరికెళ్తే తల్లి లేచిపోతుంది, గుడ్లు ఎండకు మాడిపోతాయి. పిట్ట మేత ఆపి తలెత్తిందంటే మనం ఎక్కువ దగ్గరికొచ్చినట్టే. అక్కడే ఆగి వెనక్కి మళ్లండి. ఇంట్లో, ఆఫీసులో కూడా ఎదుటివాళ్లు నోరు తెరిచి చెప్పకముందే వాళ్ల ఇబ్బందిని కనిపెట్టండి. మర్యాద అక్కడే మొదలవుతుంది.

బయల్దేరే ముందు

లైఫ్ జాకెట్ లేకుండా, ఒంటరిగా నీటిలోకి దిగొద్దు. కాకతీయ కాలువ, వరద కాలువ జోలికి వెళ్లొద్దు. అక్కడ ప్రవాహం వేగం, గట్లు ఏటవాలు. గేట్లకు, మత్తడికి దూరంగా ఉండండి. గోదావరి దిగువన మంథని సమీపంలోని శివారం అభయారణ్యం మొసళ్లకు నెలవు. కాబట్టి ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ వలలున్నాయో స్థానిక మత్స్యకారులను అడగండి. ఆ నీటి సంగతి వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి సమయం. హిమాలయాలు దాటొచ్చే వలస బాతులు దక్కను జలాశయాలకు చేరేది అప్పుడే. కయాక్ లేదా? ఈ ఆదివారం పొద్దున్నే దగ్గర్లోని చెరువుకట్టకు వెళ్లండి. ఐదు పిట్టలను గుర్తుపట్టి, ఒక్కోటి ఏం చేస్తోందో నోట్‌బుక్‌లో రాయండి. వచ్చే ఆదివారం ఇంట్లో పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. చూపు నిలపడం చిన్నప్పుడే అలవాటైతే చదువులోనూ, బతుకులోనూ అక్కరకొస్తుంది.