వర్తక శ్రేణులు – అక్షయనిధి

లాభాలు పంచుకోవడానికి గాక, ఒక వృత్తివారి ఉమ్మడి మేలు కోసం ఏర్పడిన చిన్న సంఘానికి ఆదాయ మార్గాలు పరిమితమైనవి. సభ్యుల చందాలే దానికి ముఖ్యాధారం. వ్యాపారం మందగించిన ఏడు చందాలు తగ్గుతాయి. కార్యాలయపు అద్దె, గుమాస్తా జీతం మాత్రం తగ్గవు. కనుకనే నిల్వ నిధి అవసరమవుతున్నది. దానిని కాపాడుకోవడం ఎట్లా అన్న ప్రశ్న మన దేశానికి కొత్తది కాదు.

నాసిక్ సమీపాన త్రిరశ్మి పర్వత గుహలో, క్షత్రప పాలకుడు నహపానుని అల్లుడైన ఉషవదాతుని శాసనమొకటి ఉన్నది. భిక్షు సంఘం నిమిత్తం అతడు 3,000 కార్షాపణాలను గోవర్ధనంలోని రెండు సాలె శ్రేణుల వద్ద ఉంచాడు. ఒక శ్రేణికి 2,000, నెలకు నూటికి ఒకటి వడ్డీపై. మరొకదానికి 1,000, నూటికి ముప్పావు వడ్డీపై ఇచ్చాడు. మొదటి మొత్తంపై ఏటా వచ్చే 240 కార్షాపణాలు 20 మంది భిక్షువుల వస్త్రాలకు, తలకు 12 చొప్పున, సరిపోతాయి. అసలు తిరిగి ఇవ్వనక్కరలేదు. వడ్డీని మాత్రమే అనుభవించాలి. ఇదే 'అక్షయనీవి'. ఈ ఏర్పాటును నిగమసభలో ప్రకటించి, ఫలకంపై నమోదు చేయించారు. నిధికి బహిరంగమైన లెక్కే తొలి రక్ష అని దీనివల్ల తెలుస్తున్నది.

లాట దేశం నుండి మాళవానికి వలస వచ్చిన పట్టు సాలెల శ్రేణి, తమ వృత్తివల్ల కూడబెట్టిన ధనంతో దశపురంలో, అనగా నేటి మంద్‌సౌర్‌లో, క్రీ.శ. 437 ప్రాంతాన సూర్యాలయం నిర్మించింది. ఆలయంలో కొంతభాగం శిథిలం కాగా, 473 ప్రాంతాన ఆ శ్రేణియే దానిని బాగుచేయించింది. నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇంద్రపురంలో, సూర్యాలయ దీపానికి రోజూ నూనె పోసే బాధ్యతను 465 ప్రాంతాన తైలిక శ్రేణికి అప్పగించారు. శ్రేణి ఊరు విడిచిపోయినా, ఐక్యంగా ఉన్నంతకాలం ఆ బాధ్యత దానిదే. నిధికి అసలైన హామీ ధనం కాదు, సభ్యుల ఐకమత్యమే.

2013 నాటి కంపెనీల చట్టం 8వ సెక్షన్ క్రింద ఏర్పడిన సంఘం సభ్యులకు డివిడెండు పంచరాదు. మిగులును ఆశయాలకే వినియోగించాలి. మిగులు ఉండడం దోషం కాదు. దాని ప్రయోజనం నిర్ణయించకపోవడమే దోషం. ఏడాది ఖర్చు 2,40,000 రూపాయలైన సంఘం, ఆరు నెలల ఖర్చును నిల్వగా ఉంచదలిస్తే 1,20,000 కూడబెట్టాలి. ఏటా 20,000 చొప్పున మిగిలిస్తే ఆరేండ్లలో అది సమకూరుతుంది. భవనానికో, విద్యార్థి వేతనానికో దాత ఇచ్చిన సొమ్మును ఇందులో కలుపరాదు. నిల్వను ఎప్పుడు తీయవచ్చునో, తిరిగి ఎప్పటిలోగా పూరించాలో సర్వసభ్య సమావేశం ముందే తీర్మానించాలి. ఇబ్బంది వచ్చిన నాడు చేసే తీర్మానం తొందరపాటుతో కూడుకొన్నదై ఉంటుంది.