ఆటలో తలకు దెబ్బ తగిలితే

తల్లిదండ్రులారా, కబడ్డీలో గాని ఫుట్‌బాల్‌లో గాని తలకు దెబ్బ తగిలితే, స్పృహ తప్పకపోయినా మెదడు అదిరి ఉండవచ్చు. "నాకేం కాలేదు, ఆడతాను" అని బిడ్డ అన్నా ఆ రోజు మళ్లీ ఆడనివ్వకండి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణాపాయం కలుగవచ్చు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో జాకరీ లిస్టెడ్ అనే 13 ఏళ్ల బాలుడు ఇలాగే మళ్లీ ఆటలోకి దిగి, మెదడులో రక్తస్రావమై చాలాకాలం మాట, నడక కోల్పోయాడు. వైద్య నిపుణుల రాతపూర్వక అనుమతి లేనిదే అలాంటి పిల్లలను ఆడించరాదని ఆ రాష్ట్రం 2009లో చట్టం చేసింది.

మాటిమాటికీ వాంతులు, పెరిగే తలనొప్పి, మగత, ఫిట్స్, మాట తడబడడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మెడ నొప్పి ఉంటే లేపి కూర్చోబెట్టకండి; కదపకుండా 108కి ఫోన్ చేయండి.